కెమెరా పక్కన నిలబడేవారి పని

పదిహేనేళ్ళ మా అబ్బాయి నటన నేర్చుకుంటున్నాడు. అవకాశాల కోసం వెళ్ళే పిల్లలు ఒకప్పుడు ఆడిషన్ గది బయట వరుసలో కూర్చుని తమ పేరు పిలిచేదాకా ఎదురుచూసేవారు. ఇప్పుడు తొలి వడపోత చాలావరకు ఇంట్లో తీసి పంపిన వీడియోల మీదనే జరిగిపోతోంది. ఈ పద్ధతి అంతకుముందు లేకపోలేదు గానీ, 2020లో కరోనా వల్ల నలుగురూ ఒక గదిలో చేరడమే కష్టమయ్యాక ఇదే మామూలు మార్గంగా స్థిరపడింది. సెల్ఫ్ టేప్ అని పిలిచే ఈ వీడియోను చిన్న వయసు నటుడు ఒక్కడే తీసుకోవడం కష్టం. లైట్లు సర్దడానికి, ఎదుటి పాత్ర డైలాగులు చదవడానికి, ఫైలు సరైన చోటికి పంపడానికి ఇంట్లో ఒక పెద్ద మనిషి అవసరం. మా ఇంట్లో ఆ మనిషిని నేను. కొంతకాలంగా ఈ పని చేస్తున్న తల్లిగా నాకు ఏర్పడిన అభిప్రాయం ఏమిటంటే, కెమెరా గురించీ లైట్ల గురించీ ఇంట్లోవాళ్ళం పడే ఆరాటంలో సగమైనా ఎదుటి పాత్రను చదివే తీరు మీద పెడితే వీడియోలు అంతకంటే ఎక్కువగా బాగుపడతాయి.

పిలుపు రాగానే సీన్ కంటే ముందు దానితో వచ్చిన సూచనలు చదవాలి. వీడియో ఎప్పటిలోగా చేరాలి, రెండు సీన్లుంటే విడివిడిగా పంపాలా కలిపి పంపాలా, పరిచయం మొదట ఉండాలా చివర ఉండాలా, నిలువెత్తు షాట్ కావాలా, ఫైలుకు ఏ పేరు పెట్టాలి అన్న వివరాలన్నీ సాధారణంగా అందులోనే ఉంటాయి. ఒక్కో పాత్రకు కుప్పలుగా వచ్చిపడే వీడియోలు చూసి నటులను ఎంపిక చేసే కాస్టింగ్ బృందానికి ఫైలు పేరు ఎంతో అవసరం. 'కొత్తది ఫైనల్ 2' అన్న పేరుతో వెళ్ళిన వీడియో ఎవరిదో వెతికే ఓపిక వాళ్ళకు ఉండకపోతే తప్పుపట్టలేం. ఆ సూచనలను ఒక కాగితం మీద రాసి ట్రైపాడ్‌కు తగిలించడం నా అలవాటు. ఇక గడువు సంగతికి వస్తే, అది ఎప్పుడూ తక్కువగానే ఉంటుంది. అమెరికాలో 2023 నటుల సమ్మె తర్వాత కుదిరిన ఒప్పందంలో, సెల్ఫ్ టేప్ కోసం ఎన్ని పుటల సీన్ అడగవచ్చో పరిమితి పెట్టవలసి వచ్చిందంటే ఈ పని వృత్తి నటులకు సైతం ఎంత భారమైందో ఊహించవచ్చు. పరీక్షలకు చదువుకుంటున్న పిల్లవాడికైతే చెప్పనక్కరలేదు. గడువు ఏమాత్రం సరిపోదనిపించినప్పుడు ఒక రోజు అదనంగా ఇవ్వగలరా అని మర్యాదగా అడగవచ్చు, కానీ ఆ ఉత్తరం రాయవలసింది పెద్దవాళ్ళమే.

సీన్‌ను వాడు మొదట ఒంటరిగా చదువుకుంటాడు. తరువాత ఇద్దరం కూర్చుంటాం. ఆడిషన్ కోసం పంపే పుటలు రెండో మూడో ఉంటాయి. కథ మొత్తం చెప్పరు, ఒక్కోసారి పాత్రల పేర్లు కూడా మార్చి పంపుతారు. అందువల్ల ఉన్న కొద్దిపాటి మాటల నుంచే చాలా విషయాలు తేల్చుకోవలసి వస్తుంది. ఈ కుర్రవాడు ఎవరితో మాట్లాడుతున్నాడు, ఆ మనిషి నుంచి వాడికి ఏం కావాలి, అది దొరకకపోతే ఏం పోతుంది, సీన్ మొదలవడానికి ఒక్క క్షణం ముందు ఏం జరిగింది అన్న ప్రశ్నలు నేను అడుగుతాను, జవాబులు వాడు చెబుతాడు. పాత్ర నిలబడి ఉన్న పరిస్థితులను నటుడు ముందుగా తెలుసుకోవాలని రష్యా నాటక దర్శకుడు స్టానిస్లావ్‌స్కీ అంతగా పట్టుబట్టింది ఇందుకే. జవాబు కథకు సరిపోయిందా లేదా అన్నది అంత ముఖ్యం కాదు, ఎందుకంటే అసలు కథ మా ఇద్దరికీ తెలియదు. వాడికంటూ ఒక స్పష్టమైన జవాబు ఉంటే అది కళ్ళలో కనిపిస్తుంది. సీన్ ముందటి క్షణం గురించిన ప్రశ్న మాత్రం ఎన్నడూ వదలను. పరుగెత్తుకొచ్చిన కుర్రవాడు తలుపు దగ్గర మాట్లాడే మొదటి మాటకూ, అరగంటగా అక్కడే కూర్చున్నవాడు మాట్లాడే మొదటి మాటకూ ఊపిరిలోనే తేడా ఉంటుంది.

డైలాగులు నేర్చుకోవడంలో ఒక ప్రమాదం ఉంది. బాగా చదివే పిల్లలకు ఇది మరీ ఎక్కువ. వాక్యాన్ని మొదటిరోజే ఒక రాగంలో పెట్టి పదే పదే వల్లె వేస్తే, చివరకు అది ఎక్కాలు అప్పజెప్పినట్టుగా వస్తుంది. ఎదుటి మనిషి ఏ గొంతుతో ఏమన్నా జవాబు ఆ రాగంలోనే ఉంటుంది. అందుకని మొదట ఏ భావమూ కలపకుండా, మాటలు మాత్రమే చదునుగా నేర్చుకోమని వాడి గురువు చెప్పారు. నడుస్తూనో బట్టలు మడతపెడుతూనో చెప్పుకోగలిగినంతగా మాటలు నోటికి వచ్చాక, భావం సంగతి ఎదుట ఒక మనిషి ఉన్నప్పుడే చూసుకోవచ్చు.

ఆ ఎదుటి మనిషినే ఈ రంగంలో రీడర్ అంటారు. రీడర్ ముఖం వీడియోలో కనిపించదు, గొంతు మాత్రం వినిపిస్తుంది. ఇది చిన్న పని అనుకుని, కాగితం చూసి చదివేస్తే చాలుననుకునేవాళ్ళు చాలామంది. నిజానికి తెర మీద కనిపించే కుర్రవాడి ప్రతి చూపూ ఈ కనిపించని మనిషికి జవాబే. రీడర్ తల కాగితంలో పెట్టుకుంటే నటుడు ఆ తలకాయతోనే మాట్లాడవలసి వస్తుంది, ఆ వెలితి కెమెరాకు తెలిసిపోతుంది. కాబట్టి నా భాగాన్ని నేను కూడా చాలావరకు నేర్చుకుంటాను. పూర్తిగా కంఠస్థం కాకపోయినా, ఒకసారి కాగితం చూసి వాక్యమంతా వాడి కళ్ళలోకి చూస్తూ చెప్పగలిగితే సరిపోతుంది.

నిలబడే చోటు కూడా ముఖ్యమే. నేను లెన్స్‌కు ఆనుకున్నట్టుగా, పక్కనే ఉంటాను. నా కళ్ళు లెన్స్ ఎత్తులో, లెన్స్ వాడి కళ్ళ ఎత్తులో ఉండాలి. రీడర్ రెండడుగులు పక్కకు జరిగితే నటుడి ముఖం పక్కకు తిరిగిపోయి ఒక కన్నే కనిపిస్తుంది. వాడు కుర్చీలో కూర్చున్నప్పుడు నేను నిలబడి చదివితే చూపు పైకి పోతుంది; అప్పుడు నేనూ కూర్చోవాలి. ప్రత్యేకంగా అడిగితే తప్ప నటుడు నేరుగా లెన్స్‌లోకి చూడకూడదు, లెన్స్‌లోకి చూసేది తనను తాను పరిచయం చేసుకునేటప్పుడే. సీన్‌లో ఇద్దరితో మాట్లాడవలసి వస్తే ఒకరికి లెన్స్ కుడి పక్కన, ఇంకొకరికి ఎడమ పక్కన చోటు కేటాయిస్తాం. నేను ఒకవైపు ఉంటాను, రెండోవైపు స్టాండుకు ఒక చిన్న కాగితం అంటిస్తాం. చూపు ఎక్కడ ఉండాలో ముందే తేల్చుకుంటే సీన్ మధ్యలో కళ్ళు వెతుక్కోవు.

గొంతు విషయంలో రెండు తప్పులు సాధారణం. మైకు నాకు దగ్గరగా, వాడికి దూరంగా ఉంటుంది కాబట్టి నేను మామూలుగా మాట్లాడినా రికార్డింగులో నా గొంతే పెద్దగా వినిపిస్తుంది; అందువల్ల నేను స్వరం తగ్గించాలి. తగ్గించమన్నారు కదా అని గుసగుసగా, ఉప్పూకారం లేకుండా చదివితే పిల్లవాడికి పట్టుకోవడానికి ఏమీ దొరకదు. రెండో తప్పు దీనికి పూర్తిగా వ్యతిరేకం: రీడర్ తానే నటించడం మొదలుపెట్టడం. తండ్రి పాత్ర చదువుతూ నేను ఒకసారి గొంతు పెంచి కోప్పడబోతే మా వాడు ఆపి, "అమ్మా, నువ్వు నటించకు. నాతో మాట్లాడు, చాలు" అన్నాడు. రీడర్‌కు ఇంతకంటే సూటిగా చెప్పగలిగిన సూచన నాకు ఇప్పటివరకూ ఎక్కడా కనిపించలేదు. పాత్ర ఆడదైనా మగవాడైనా గొంతు మార్చనక్కరలేదు. ఆ మాటల్లోని ఉద్దేశం మాత్రం నిజంగా ఉండాలి. బతిమాలే వాక్యమైతే చిన్న గొంతుతోనైనా బతిమాలాలి.

వేగం సంగతి కూడా రీడర్ చేతిలోనే ఉంటుంది. ఎదుటి పాత్రకు పొడవైన డైలాగు ఉంటే దాన్ని సాగదీయకూడదు, చూసేవాళ్ళు వచ్చింది నా డైలాగు వినడానికి కాదు. అలాగని వాడు వింటున్న సమయాన్ని హరించకూడదు కూడా, ఎందుకంటే తన వంతు మాట లేనప్పుడు నటుడి ముఖంలో ఏం జరుగుతోందో కాస్టింగ్ వాళ్ళు ప్రత్యేకంగా గమనిస్తారు. మాటకు మాట అడ్డుపడే సీన్లలో ఎక్కడ అడ్డుపడాలో ముందే గుర్తు పెట్టుకోవాలి, లేకపోతే వాడి ముఖ్యమైన మాట నా మాట కింద పడిపోతుంది. ఇక చివరి డైలాగు అయిన వెంటనే బొత్తాం వైపు చెయ్యి చాచే అలవాటు చాలామందికి ఉంటుంది. మూడు నాలుగు సెకన్లు కదలకుండా ఉంటే, ఆఖరి మాట చెప్పాక ఆ పాత్రలో మిగిలిన ఆలోచన కూడా రికార్డవుతుంది. సీన్ మొత్తంలో మంచి క్షణం ఒక్కోసారి అక్కడే దొరుకుతుంది.

కన్నతల్లి ఎదుట చెప్పడానికి ఇబ్బందిపడే మాటలు కొన్ని ఉంటాయి. పదిహేనేళ్ళ కుర్రవాడు తన తరగతి అమ్మాయితో ఇష్టం చెప్పుకునే సీన్ వచ్చిందనుకోండి. ఆ అమ్మాయి మాటలు నేను చదువుతుంటే వాడి చెవులు ఎర్రబడతాయి, నాకు నవ్వు ఆగదు. అటువంటి సీన్లకు మా అక్క కూతురు వచ్చి చదువుతుంది, నేను రికార్డింగు మొదలుపెట్టి గది బయటకు వెళ్ళిపోతాను. తల్లి మీద కేకలు వేసే సీన్లకూ ఇదే ఏర్పాటు. ఎవరూ దొరకనప్పుడు వీడియో కాల్‌లో ఒక స్నేహితుడి చేత చదివించి, ఆ ఫోనునో ల్యాప్‌టాప్‌నో లెన్స్ పక్కన పెట్టవచ్చు. అయితే నెట్‌లో మాట చేరడానికి పట్టే ఆలస్యం వల్ల ప్రతి జవాబుకూ ముందు ఒక ఖాళీ వచ్చి పడుతుంది. వేగంగా సాగే వాదనలకు అది పనికిరాదు.

రీడర్‌గా ఉన్నవాళ్ళు దర్శకులుగా మారకుండా ఉండడం చాలా కష్టం. "ఇంకొంచెం ఫీల్ పెట్టు" అన్న సలహా వల్ల ఏ ప్రయోజనమూ లేదు. ఆ మాట విన్న పిల్లవాడు కనుబొమలు ఇంకాస్త పైకెత్తుతాడు, అంతే. డైలాగు ఎలా చెప్పాలో మనం చెప్పి చూపించడం ఇంకా చెడ్డది, ఎందుకంటే ఆ తరువాత వాడు పాత్రను వదిలి మన గొంతును అనుకరిస్తాడు. టేక్ ఎక్కడో పట్టు తప్పిందనిపిస్తే నేను ఒక ప్రశ్న అడుగుతాను: "ఆ మాట విన్నాక అతన్ని నువ్వు నమ్మావా?" అనో, "ఇక్కడ నువ్వు బతిమాలుతున్నావా, బెదిరిస్తున్నావా?" అనో. ఇంకో ఉపాయం, ఏమీ చెప్పకుండా నా భాగాన్ని వేరే విధంగా చదవడం. కోపంగా చదివిన మాటను మరుసటి టేక్‌లో అలసటతో చదివితే వాడు తప్పనిసరిగా కొత్తగా వినవలసి వస్తుంది, విన్నప్పుడు జవాబు దానంతటదే మారుతుంది.

ఇక ఫ్రేము. ఫోనును అడ్డంగా పెట్టాలి. ఛాతీ మధ్య నుంచి తలపైన కాస్త ఖాళీ వరకు కనిపిస్తే చాలు. మన లాక్షణికులు అభినయాన్ని ఆంగికం, వాచికం, ఆహార్యం, సాత్త్వికం అని నాలుగుగా విభజించారు. ఈ ఫ్రేములో ఆహార్యానికి దాదాపు చోటు లేదు, ఆంగికం ఛాతీ దగ్గర తెగిపోతుంది, మిగిలేవి గొంతు, దాని వెనుక ఉన్న మనసు. రంగస్థలం మీద వెనుక వరుసదాకా చేరేలా చేతులు ఊపడం నేర్చుకున్న మా వాడికి ఇది అర్థం కావడానికి సమయం పట్టింది. ఇంకో విషయం చాలామంది గమనించరు. ఫోను ప్రధాన కెమెరా వైడ్ లెన్స్. దాన్ని ముఖానికి దగ్గరగా పెట్టి తీస్తే ముక్కు పెద్దదిగా, చెవులు వెనక్కి పోయినట్టుగా కనిపిస్తాయి. ఫోనును వెనక్కి జరిపి, రెండు రెట్ల జూమ్ లెన్స్ ఉంటే అది వాడితే ముఖం ముఖంలా ఉంటుంది. సెల్ఫీ కెమెరా జోలికి పోకపోవడం మంచిది, వెనుక కెమెరా నాణ్యతే సాధారణంగా మెరుగు. పైగా తెరలో తన ముఖం కనిపిస్తుంటే ఏ పిల్లవాడి కళ్ళూ నిలవవు. లెన్స్‌ను మెత్తని గుడ్డతో తుడవడం మరిచిపోకూడదు. తెర మీద ముఖం దగ్గర వేలు కాసేపు నొక్కి పట్టుకుంటే ఫోకస్, వెలుతురు రెండూ లాక్ అవుతాయి. ఈ ఒక్క పని చేయకపోతే వాడు తల కదిల్చినప్పుడల్లా వీడియో వెలుగుతూ ఆరుతూ ఉంటుంది.

వెలుతురుకు పగటిపూట పెద్ద కిటికీని మించినది లేదు. కిటికీ నటుడి ముందు, కొంచెం పక్కకు ఉండాలి. వెనుక ఉంటే ముఖం నల్లబడుతుంది. మబ్బులు కదిలే రోజున మాత్రం కిటికీని నమ్ముకుంటే సీన్ మధ్యలో వెలుతురు మారిపోతుంది, అప్పుడు కర్టెన్ వేసి లైట్లతో తీయడమే మేలు. ఒక లైటును ముఖానికి సుమారు 45 డిగ్రీల కోణంలో, కంటి ఎత్తుకు కాస్త పైన పెట్టి, రెండో పక్క తెల్లటి చార్టో దుప్పటో పట్టుకుంటే నీడలు మెత్తబడతాయి. లైటును పలుచని తెల్లగుడ్డ గుండా పంపితే మొటిమల వయసులో ఉన్న చర్మానికి అది చేసే ఉపకారం ఏ మేకప్పూ చేయలేదు. గుడ్డ బల్బుకు తగలకుండా చూసుకోవాలి. వెలుతురు రంగును కెల్విన్లలో కొలుస్తారు. పగటి వెలుతురు సుమారు 5600 కెల్విన్, పసుపు బల్బు 3000 కెల్విన్ ప్రాంతంలో ఉంటాయి కాబట్టి రెండూ కలిస్తే ఒక చెంప నీలంగా, ఒక చెంప పసుపుగా వస్తుంది. చవక రకం ఎల్ఈడీ లైట్ల కింద వీడియోలో చారలు కదిలితే దానికి కారణం కరెంటు: 50 హెర్ట్జ్ సరఫరాలో అటువంటి లైటు సెకనుకు 100 సార్లు మినుకుమంటుంది. షట్టర్ వేగాన్ని, అంటే ఒక్కో ఫ్రేము కోసం కెమెరా వెలుతురు తీసుకునే సమయాన్ని, సెకనులో 1/50 వంతుకో 1/100 వంతుకో మార్చగల యాప్ ఉంటే చారలు పోతాయి; సరఫరా 60 హెర్ట్జ్ ఉన్న దేశాల్లో 1/60, 1/120 పెట్టుకోవాలి. నటుడు గోడకు కనీసం మూడు నాలుగు అడుగుల దూరంలో నిలబడితే వెనుక నీడ పడదు. గోడ బూడిదరంగుదో లేత నీలందో అయితే సరే, లేకపోతే ముడతలు లేని ఒక దుప్పటి చాలు.

మసకగా ఉన్న బొమ్మనైనా చూస్తారేమో గానీ మాట వినపడని వీడియోను ఎవరూ చివరిదాకా చూడరు. ఖాళీ గదిలో గొంతు గోడలకు కొట్టుకుని తిరిగివస్తుంది కనుక మంచం, పరుపు, మందపాటి కర్టెన్లు ఉన్న గదిని ఎంచుకోవాలి. ఫ్యాను, ఏసీ, పక్క గదిలో టీవీ ఆగాలి. ఫోను ఫ్లైట్ మోడ్‌లో ఉండాలి. ఫ్రిజ్ ఆపితే తిరిగి వేయడం మరిచిపోతామన్న భయం ఉంటుంది. సినిమా సౌండ్ విభాగంవాళ్ళు కారు తాళాలు ఫ్రిజ్‌లో పెట్టి దాన్ని ఆపుతారట. తాళాల కోసం వచ్చినవాళ్ళకు ఫ్రిజ్ సంగతి గుర్తుకు రాక తప్పదు. కాలర్ మైకు ఉంటే మంచిదే, చొక్కాకు రాసుకుని గరగరమనకుండా చూసుకోవాలి. మా వాడికి గొంతు మారుతున్న వయసు. వాక్యం మధ్యలో గొంతు ఒక్కసారిగా చీలితే మొదట్లో సిగ్గుపడి టేక్ ఆపేసేవాడు. ఆపవద్దని చెప్పాను. ఆ వయసు పాత్రకే ఆడిషన్ ఇస్తున్నప్పుడు ఆ గొంతు లోపం ఎలా అవుతుంది?

బట్టల గురించి చెప్పుకోవలసింది కొద్దిగానే ఉంది. ఒకే రంగు చొక్కా, గోడ రంగుకు భిన్నంగా ఉండాలి. సన్నని గీతల చొక్కా కెమెరాలో అలలు అలలుగా మెరుస్తుంది. పెద్ద అక్షరాలూ లోగోలూ దృష్టిని లాగేస్తాయి. పోలీసు పాత్రకు టోపీ, రోగి పాత్రకు కట్టు అక్కరలేదు. నుదుటి మీద పడే జుట్టును కళ్ళకు అడ్డం రాకుండా పక్కకు తీస్తే చాలు.

అసలు టేకులకు ముందు ఒక చిన్న ముక్క తీసి, చెవులకు ఇయర్‌ఫోన్లు పెట్టుకుని నేనే చూస్తాను, బొమ్మా శబ్దమూ సరిగ్గా ఉన్నాయో లేదోనని. టేకుల మధ్యలో మాత్రం వాడికి చూపించను. ఆ వయసు పిల్లలు తమ వీడియోలో పాత్రను చూడరు, తమ ముక్కునూ జుట్టునూ చూస్తారు. తరువాతి టేక్‌లో ఆలోచనంతా వాటిమీదే ఉంటుంది. అన్నీ అయ్యాక, కాస్త విరామం తరువాత ఇద్దరం కలిసి చూస్తాం. ఎంచుకునే మొదటి హక్కు వాడిది. నా దృష్టిలో నాలుగైదు మంచి టేకుల తరువాత బాగుపడేది దాదాపు ఏమీ ఉండదు, కళ్ళలో అలసట తప్ప కొత్తగా వచ్చేది లేదు. ఒక మాట తడబడినా మనిషి బతికి ఉన్న టేక్, ఒక్క అక్షరమూ తప్పకుండా నిర్జీవంగా సాగిన టేక్ కంటే ఎన్నో రెట్లు నయం. రెండు టేకులు పంపమంటే ఒకదానికొకటి నిజంగా వేరుగా ఉన్నవి పంపాలి.

ఏడ్చే సీన్ల గురించి గట్టిగా చెప్పవలసిన మాట ఒకటుంది. కన్నీళ్ళు రప్పించడానికి చనిపోయిన తాతయ్యను గుర్తు చేయడం, కావాలని తిట్టడం వంటివి నేను చేయను, ఎవరినీ చేయనివ్వను. పిల్లవాడి దుఃఖం వాడి సొంతం. ఆడిషన్‌లో కన్నీటి చుక్క రాలకపోతే పాత్ర పోదు; ఏడుపును ఆపుకోవడానికి చేసే ప్రయత్నమే చాలాసార్లు చూసేవాళ్ళను కదిలిస్తుంది. బాధాకరమైన సీన్ అయ్యాక వెంటనే ఫైళ్ళ పనిలో పడకుండా వాడితో కాసేపు వేరే సంగతులు మాట్లాడతాను. సీన్‌లోని మాటలో చేష్టో వాడికి ఇష్టం లేకపోతే ఆడిషన్ వద్దనుకునే స్వేచ్ఛ వాడికి ఉండాలి, ఆ నిర్ణయానికి కారణాలు అడిగి వేధించకూడదు.

పరిచయంలో పేరు, వయసు, ఎత్తు, అడిగితే ఉండే ఊరు, అంతే. బడి పేరు, ఇంటి చిరునామా, సొంత ఫోను నంబరు చెప్పించకూడదు. బడి యూనిఫాంలో తీయకూడదు. వెనుక గోడ మీద ఇంటి వివరాలు బయటపడేవి ఏవీ కనిపించకూడదు. ఉత్తరప్రత్యుత్తరాలన్నీ తల్లిదండ్రుల ఈమెయిల్ నుంచే జరగాలి. ఆడిషన్ కోసమనో పేరు నమోదు కోసమనో డబ్బు అడిగారంటే అక్కడితో ఆపేయాలి. బట్టలు తగ్గించి వీడియో పంపమని మైనరును అడిగేవాళ్ళకు జవాబు కూడా అనవసరం, సంబంధిత అధికారులకు ఫిర్యాదు చేయాలి. వయసు దాచడం వల్ల లాభం లేదు. చాలా దేశాల్లో మైనర్ల పనిగంటలకు చట్టపరమైన పరిమితి ఉంది, నిర్మాతలకు అసలు పుట్టినతేదీ ఎప్పటికైనా అవసరమవుతుంది. ఎత్తు మాత్రం ప్రతిసారీ కొత్తగా కొలిచి చెప్పాలి. ఈ వయసులో పాత అంకె నెలల్లోనే అబద్ధమైపోతుంది.

పంపడంలో చిక్కు ఫైలు పరిమాణంతోనే. అడిగితే తప్ప 4కే అవసరం లేదు, 1080పీ సరిపోతుంది. సెకనుకు 24, 25, 30 ఫ్రేముల్లో ఏదైనా ఫరవాలేదు. జీమెయిల్‌లో జతచేయగలిగినది 25 ఎంబీ వరకే కనుక రెండు నిమిషాల వీడియో కూడా సాధారణంగా అందులో పట్టదు. వాట్సాప్‌లో మామూలు వీడియోగా పంపితే అది కుదించేసి బొమ్మ నాణ్యతను చెడగొడుతుంది. అడిగిన చోట అప్‌లోడ్ చేయడం, లేదా లింకు ఉన్నవాళ్ళకే తెరుచుకునేలా డ్రైవ్‌లో పెట్టడం ఉత్తమం. ఆ లింకును ఇంకో ఫోనులో, మన ఖాతా లేకుండా ఒకసారి తెరిచి చూస్తే అనుమతుల తలనొప్పి తప్పుతుంది. మిగతా టేకులను చెరిపేస్తాం. పంపినదాన్ని మాత్రం తేదీతో దాచుకుంటాం.

తరువాత వచ్చేది చాలావరకు మౌనమే. కాదని చెప్పే ఉత్తరం కూడా అరుదు. ఎంపిక కాకపోవడానికి కారణాలు వాడి నటనలో ఉండనక్కరలేదు: ముందే ఖరారైన తల్లి పాత్రధారి పోలికలు కలవకపోవచ్చు, పక్కన నటించే అమ్మాయికంటే వాడు పొట్టిగా ఉండవచ్చు, పనిగంటల పరిమితి తలనొప్పి ఎందుకని ఆ పాత్రను పద్దెనిమిది దాటిన యువకుడికి ఇవ్వవచ్చు. ఈ సంగతి మొదటి వీడియో పంపకముందే వాడికి చెప్పాను. ఏమైంది, ఏమైంది అని ఇంట్లో ఎవరూ అడగకూడదన్న నియమం కూడా పెట్టాను, దాన్ని పాటించడానికి అందరికంటే కష్టపడేది నేనే.

రెండో పిలుపు వస్తే మొదటి వీడియోలో వేసుకున్న చొక్కానే వేసుకోవడం మంచిది, చూసేవాళ్ళకు వాడు వెంటనే గుర్తుకు వస్తాడు. దాచిన టేక్‌ను ఒకసారి చూసి, అప్పుడు ఎంచుకున్న దారిని గుర్తు చేసుకోవాలి. అయితే ఈసారి ఎదుట ఒక దర్శకుడు ఉంటాడు, ఇదే సీన్‌ను నవ్వుతూ చెప్పు, లేదా అసలు కోపమే లేనట్టు చెప్పు అని అడగవచ్చు. చెప్పిన మార్పును పిల్లవాడు ఎంత త్వరగా అందుకుంటాడన్నదే అక్కడ చూస్తారు. అందుకని ముందురోజు మేము సీన్‌ను పాత పద్ధతిలో ఒక్కసారి మాత్రమే చదువుతాం. ఆ తరువాత వాడు నా భాగం తీసుకుంటాడు, నేను వాడి భాగం చదువుతాను, మళ్ళీ మార్చుకుంటాం, మార్చుకున్నప్పుడల్లా ఎవరో ఒకరు కొత్త సూచన ఇస్తారు. నాకు వాడు ఇచ్చే సూచనలు చాలా కఠినంగా ఉంటాయి.